చెప్పుల మద్రీనా

ఈ ఏడు బడి బస్సు పేటలోకి రావడం మానేసింది. పేటలో రోడ్డు ప్రైవేటుదట. మట్టిదట. పోయిన ఏడూ అది మట్టి రోడ్డే, అయినా బస్సు వచ్చింది. ఇప్పుడు హైవే అవతల, మూతబడ్డ పళ్ళ దుకాణం ముందు కంకర స్థలంలో ఆగుతోంది. పిల్లలు నాలుగు వరసల హైవే దాటి పోవాలి. ఆపిల్ లారీలు, పాల ట్యాంకర్లు, పొద్దున్నే ఊళ్ళోకి పరిగెత్తే కార్లు, వాటి మధ్యలోంచి. బడి కార్యాలయం కాగితంలో దాని పేరు "సురక్షితమైన స్టాపు". కాగితానికేం, అది రోడ్డు దాటదు.

ఒబ్దులియా సోలోర్సానో ఆ సోమవారం పొద్దున పేట మొగలో, ఉత్తరాల పెట్టెల వరస పక్కన నిలబడి ఉంది. చంకలో పసుపు కరపత్రాల కట్ట. ఆమె పనిచేసే సంఘం పేరు పుయెంతె, అంటే స్పానిష్‌లో వంతెన. ఈ లోయకి వలస వచ్చి ఆపిల్ తోటల్లో, పళ్ళు ఏరి పెట్టెలకెత్తే షెడ్డుల్లో పనిచేసే మనవాళ్ళ గడపగడపకీ తిరగడం ఆమె ఉద్యోగం. సాయంత్రం ఇంగ్లీషు క్లాసులున్నాయని చెప్పాలి, పిల్లల్ని బడిలో చేర్పించాలి, టీకాలు వేయించాలి, ఓటున్నవాళ్ళ చేత ఓటు వేయించాలి. ఇప్పుడు బస్సు.

పొగమంచు దట్టంగా ఉంది. హైవే కనపడదు, వినపడుతుంది. పిల్లలు గట్టు మీద గుంపుగా నిలబడ్డారు. ముందు నిలబడింది పెద్ద పిల్లలు కాదు, రెండో తరగతి చదివే ఇట్సెల్. టోపీ చెవుల మీదినించి పైకి తోసుకుని, మెడ ఒక పక్కకి వంచి, నోరు కొద్దిగా తెరుచుకుని వింటోంది.

"ఇంకా లేదు," అంది ఇట్సెల్. లారీ పోయింది. గాలికి అందరి కోట్లూ ఎగిరాయి. "ఇంకా లేదు. ఇంకోటుంది, చిన్నది."

చిన్న కారు పోయింది.

"ఇప్పుడు!"

అంతా పరిగెత్తారు. మీసాలు మొలుస్తున్న కుర్రాళ్ళు కూడా ఆ పిల్ల మాట మీదే పరిగెత్తారు. నడిమధ్యలో ఎవరి సంచిలోంచో నారింజపండు జారి దొర్లింది. ఎవరూ ఆగలేదు. వెనకాలే వచ్చిన ట్యాంకరు దాన్ని రోడ్డుకి పూసేసి పోయింది.

ఇట్సెల్ తల్లి మక్లోవియా ఇవతల గట్టు మీద నిలబడి ఉంది, షెడ్డు వ్యాన్ తలుపు ఒక చేత్తో పట్టుకుని. వ్యాన్ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అవతలినించి "దాటాం!" అని కూతురి గొంతు వినపడ్డాకే ఎక్కింది.

"మక్లోవియా, ఈ సాయంత్రం లాండ్రీ గదిలో కూర్చుని మాట్లాడుకుందాం. గురువారం బడి బోర్డు మీటింగుంది," అంటూ ఒబ్దులియా వ్యాన్ కిటికీలోంచి కరపత్రం ఇచ్చింది.

"అలాగే టీచరమ్మా. వస్తాను, దేవుడి దయుంటే," అంది మక్లోవియా. ఒబ్దులియా టీచరు కాదు. చేతిలో కాగితాలున్న ఆడమనిషి ఎవరైనా మక్లోవియాకి టీచరమ్మే.

ఆ రోజంతా ఒబ్దులియా రేకుల ఇళ్ళన్నీ తిరిగింది. కుక్కలు మొరిగిన ఇంటికీ, మొరగని ఇంటికీ పోయింది. అందరూ లోపలికి రమ్మన్నారు. కాఫీ ఇచ్చారు. ఒకావిడ బలవంతంగా సూప్ తాగించింది. అందరూ "వస్తాం" అన్నారు. ఆ వస్తామనడంలో ఎంత ప్రేమ! ఒబ్దులియా పొంగిపోయింది.

సాయంత్రం లాండ్రీ గదిలో కుర్చీలు అర్ధచంద్రంగా వేసింది. గోడకి పేట పటం అంటించింది. బల్ల మీద సంతకాల కాగితం, దానికో పెన్ను దారంతో కట్టి పెట్టింది. వాషింగ్ మెషీన్లో ఎవరివో బట్టలు దబదబా తిరుగుతున్నాయి. ఆ బట్టలు ఆగాయి. వాటికోసం కూడా ఎవరూ రాలేదు.

చివరికి దోన్ నికనోర్ వచ్చాడు. పెద్దవాళ్ళని మర్యాదకి దోన్ అంటారు, ఆడవాళ్ళయితే దోన్యా. ముసలాయన, ఒకప్పుడు ఆపిల్ కోతకి ఆయన్ని మించినవాడు లేడు. ఇప్పుడు నిచ్చెన ఎక్కలేక కొమ్మలు కత్తిరించే పనికి పోతున్నాడు. గుమ్మంలో నిలబడి ఖాళీ కుర్చీలన్నిటినీ తీరిగ్గా చూశాడు.

"ఏం ఆఫీసరమ్మా, జనం ఎక్కువై ఊపిరాడట్లేదా?"

"ఎగతాళి చెయ్యకండి దోన్ నికనోర్. వస్తామన్నారు, అందరూ."

"మరేమంటారు? ఇంటికొచ్చిన పిల్లని పట్టుకుని రామంటారా? మర్యాద తెలిసినవాళ్ళు." కాఫీ ఫ్లాస్కు దగ్గరికి పోయి పోసుకున్నాడు. "నేనూ మీటింగుకి రాలేదు. కాఫీ వాసనొస్తే వచ్చాను."

"పిల్లలు చచ్చిపోతారండీ ఆ రోడ్డు మీద."

"అది నువ్వు చెప్పాలా? ఆ తల్లులు రోజూ దాన్నే చూస్తున్నారు పొద్దున్నే." సంతకాల కాగితాన్ని వేలితో తోశాడు. "ఇది చూస్తే నాకే భయమేస్తోంది. పేరు, ఇంటి నంబరు, ఫోను. ఇది రాయమంటే ఎవడొస్తాడు? పటం కూడా పెట్టావ్. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో చూపించడానికా?"

ఒబ్దులియాకి మొహం వేడెక్కింది. ఆమె ఈ లోయలోనే పుట్టింది, ఈ తోటల్లోనే పెరిగింది, తండ్రి కాగితాల్లేక, పట్టుకుపోతారన్న భయంతో బతికిన మనిషే. అయినా ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. సంఘంలో పెట్టమన్నారు, పెట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. సంఘం డైరెక్టరు ఇవాన్. మంచి మనిషే, పాపం. దాతలకి లెక్క చెప్పుకోలేక నలిగిపోతుంటాడు.

"ఎలా జరుగుతోంది? ఫోటో పంపు. వెనక బ్యానరు కనపడాలి. సంతకాలు ఎన్నొచ్చాయి?"

"జరుగుతోంది," అంది ఒబ్దులియా, నికనోర్ కాఫీలో చక్కెర కలుపుకోవడం చూస్తూ. "తర్వాత చేస్తాను."

బోర్డు పోయిన మీటింగులో ఒబ్దులియా ఒక్కతే నిలబడి మాట్లాడింది. మంచి ఇంగ్లీషులో, రాసుకున్నది తడబడకుండా చదివింది. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి ఒకే ప్రశ్న వేశాడు: "ఇది అంత పెద్ద సమస్య అయితే తల్లిదండ్రులు ఎక్కడ?" హాలు మొత్తం వెనక్కి తిరిగి ఖాళీ కుర్చీల్ని చూసింది. ఆ మనిషికి అంతే కావాలి. తల్లులు ఆ వేళకి షెడ్డులో బెల్టు ముందు నిలబడి మచ్చల కాయలు ఏరుతున్నారని అతనికి తెలుసు. తెలిసే అడిగాడు. గురువారం కూడా ఖాళీ కుర్చీలు చూపిస్తే ఆ స్టాపు ఇక కదలదు.

మర్నాడు ఒబ్దులియా కోపంగా దోన్యా లిబ్రాదా ఇంటికి పోయింది. పేటలో ఏం జరగాలన్నా ఆ వంటింట్లోంచే. తలుపు తీసేసరికి లోపల ఆవిరి, మిరపకాయల వాసన, నవ్వులు. రానివాళ్ళంతా అక్కడే ఉన్నారు. షెడ్డుకి ఆ రోజు సగం పూట సెలవట. బల్ల చుట్టూ కూర్చుని తమాలెలు చేస్తున్నారు. నానబెట్టిన మొక్కజొన్న పొత్తు తొక్క అరచేతిలో పరవడం, గరిటె వెనకవైపుతో పిండి పలచగా రాయడం, మధ్యలో మాంసం పెట్టి మడవడం, పక్కమనిషికి తోయడం. చేతులు వాటంతటవే పోతున్నాయి, నోళ్ళు వాటంతటవి. మక్లోవియా ఆమెని చూసి తల దించుకుని ఒకే తొక్కకి రెండుసార్లు పిండి రాసింది.

"రామ్మా, కూర్చో. చేతులు కడుక్కో ముందు," అంది లిబ్రాదా. పొట్టిగా, గట్టిగా ఉంటుంది, జడ నడుం దాకా. ఈ శనివారం ఆమె మనవరాలి పదిహేనేళ్ళ వేడుక, చిన్నపిల్ల ఇక పెద్దదైందని చేసేది. పేటకంతా పండగే.

"నిన్న మీరెవరూ రాలేదు," అంది ఒబ్దులియా నిలబడే.

చేతులు ఆగలేదు గానీ నోళ్ళు ఆగాయి.

"బట్టలు తడిసున్నాయి," అంది ఒకావిడ.

"లాండ్రీ గదిలోనే కదా మీటింగు!"

అందరూ ఫక్కున నవ్వారు. ఒబ్దులియాకి కూడా నవ్వొచ్చింది, దాంతో కోపం ఇంకా పెరిగింది. చేతులు కడుక్కుని కూర్చుంది. ఒక తొక్క తీసుకుని పిండి రాసింది.

"మందంగా రాస్తున్నావు. ఆఫీసు పిండి," అంది పక్కావిడ.

కాసేపయ్యాక లిబ్రాదా చేతులు తుడుచుకుని లోపలికి పోయింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో గులాబీరంగు అట్టపెట్టె. అందులో తీపి బన్నులు, పైన చక్కెర గవ్వల గీతలు. దాన్ని ఒబ్దులియా ముందు పెట్టింది. వంటింట్లో చప్పుడు తగ్గిపోయింది. ఎవరో పొయ్యి కూడా తగ్గించారు.

"ఒబ్దులియా సోలోర్సానో," అంది లిబ్రాదా. అంతవరకూ అమ్మాయ్ అన్న మనిషి. "నా మనవరాలి చెప్పులకి మీరు మద్రీనాగా ఉంటారా? అడగడానికి వచ్చాను. నా ఇంట్లోనే ఉన్నాను గానీ వచ్చాననే అనుకోండి."

వేడుకలో పిల్ల తండ్రి మోకాళ్ళ మీద కూర్చుని, కూతురి కాళ్ళకున్న చదును జోడు తీసి ఎత్తు మడమల జోడు తొడుగుతాడు. ఆ జోడు తెచ్చి దిండు మీద పెట్టి అందించేది చెప్పుల మద్రీనా. కేకుకి ఒక మద్రీనా, కిరీటానికి ఒకరు, పాటలకి ఒక పద్రీనో. ఒక్కో వస్తువుకి ఒక్కో మనిషి, తల్లో తండ్రో అన్నట్టు; ఆడవాళ్ళయితే మద్రీనా, మగవాళ్ళయితే పద్రీనో. అడిగించుకున్నాక కాదనడం అంటూ ఉండదు; బన్ను తీసుకుంటే ఒప్పుకున్నట్టే. కాదన్నవాళ్ళ కథలు పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒబ్దులియాకి తీరిక లేదు. ఆ శనివారం సంఘం వాళ్ళ మేళా ఉంది. పైగా వేడుకల్లో నాట్యాలంటే ఒళ్ళు మంట. నోరు తెరిచింది. చేతులే ముందు కదిలాయి. పెట్టెలోంచి బన్ను తీసుకుని కొరికింది.

"ఉంటాను, దోన్యా లిబ్రాదా."

"దోన్యా ఏంటి ఇంకా? కొమాద్రె," అంది లిబ్రాదా, పిండి చేతులతోనే కౌగిలించుకుని. కొమాద్రె అంటే తోడు తల్లి. ఆ వరస ఒకసారి కలిస్తే చచ్చేదాకా పోదు. బల్ల చుట్టూ చప్పట్లు. "చెప్పుల మద్రీనా! ఇంత పిండి మందంగా రాసే మద్రీనాని నేనెక్కడా చూళ్ళేదు," అంది పక్కావిడ.

బన్ను నోట్లో ఉండగానే ఒబ్దులియా నమలడం ఆపింది. చుట్టూ చూసింది. కేకుది ఈమె. కిరీటం ఆమె. పాటలు దోన్ నికనోర్. ఒక్కరైనా కాదనలేదు. ఒక్కరి చేతా సంతకం పెట్టించుకోలేదు. తను మాత్రం ఏం చేసింది? పసుపు కాగితం పంచింది. రండి, వినండి, సంతకం పెట్టండి, పొండి. ఎవరినీ ఏమీ అడగలేదు. ఏమీ అడగని పిలుపుకి పోవాల్సిన పనేముంది? తన తల్లి బతికుంటే ఆ పసుపు కట్ట పొయ్యిలో పెట్టేది.

లేచింది. "ఎక్కడికి? సగంలో!" అంటున్నా వినకుండా కారెక్కి ఊళ్ళో రొట్టెల దుకాణానికి పోయింది. గులాబీరంగు పెట్టెతో తిరిగొచ్చింది. దారం ముడి పళ్ళతో తెంపింది.

"కొమాద్రె లిబ్రాదా. గురువారం బోర్డు మీటింగుకి హాలు గుమ్మానికి మీరు మద్రీనాగా ఉంటారా? వచ్చేవాళ్ళని మీరే లోపలికి తీసుకురావాలి. భయపడ్డవాళ్ళ చెయ్యి మీరే పట్టుకోవాలి."

లిబ్రాదా ఆమెని పైకీ కిందికీ చూసింది. బన్ను తీసుకుంది.

కాఫీకి ఒకరు. పిల్లల్ని ఆడించడానికి ఒకరు. ఇంటికి దింపే కార్లకి ఒకరు. అప్పుడే తమాలెల కోసం వాసన పట్టుకుని వచ్చిన నికనోర్‌ని కుర్చీలకి పద్రీనోగా ఉండమంది. ఆయన ఎగతాళికి నోరు తెరిచి, పెట్టె చూసి, టోపీ తీసేశాడు. "కుర్చీలకా? అదీ ఒక పదవేనా? సరే, కూర్చునే ప్రతివాడూ నన్ను తలుచుకోవాలి మరి."

చివరికి మక్లోవియా దగ్గర ఆగింది.

"మక్లోవియా. మీరు మాటకి మద్రీనాగా ఉంటారా?"

మక్లోవియా మొహంలో రంగు పోయింది. "ఏ మాటకి?"

"మొదటి మాటకి. బోర్డు ముందు."

"నాకు మాట్లాడ్డం రాదు టీచరమ్మా. నేను షెడ్డులో కూడా మాట్లాడను. అందరూ నన్ను మూగదనుకున్నారు రెండేళ్ళు."

"నేను పక్కనుండి ఇంగ్లీషులో చెప్తాను."

మక్లోవియా పెట్టెలో చూసింది. ఒకటే మిగిలింది, అంచు విరిగినది. దాన్ని తీసుకుని రెండుగా తుంచి, ఒక ముక్క కూతురి కోసం అప్రన్ జేబులో పెట్టుకుని, ఒకటి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని మింగింది, మందు మింగినట్టు.

గురువారం సాయంత్రం బోర్డు హాలు ముందు నికనోర్ పికప్ ఆగింది. వెనక మడత కుర్చీలు, చర్చి హాలువి. ఆదివారం టోపీ పెట్టుకున్నాడు. హాల్లో కుర్చీలున్నాయని గుమాస్తా చెప్తే, "చాలవు" అని తేల్చేశాడు. నిజంగానే చాలలేదు. షెడ్డు బట్టల్లోనే వచ్చారు, జుట్టు వలలు కూడా తీయకుండా. గుమ్మంలో లిబ్రాదా ఒక్కొక్కరి మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. పోలీసు కారు వీధిలోంచి పోతే ఇద్దరు ఆగిపోయారు. "వాడు డోనట్లకి పోతున్నాడు. పదండి," అంది.

కాఫీ మద్రీనా దాల్చినచెక్క కాఫీ గిన్నె, తీపి బన్నుల పెట్టె తెచ్చి వెనక బల్ల మీద పెట్టింది. బయటి తిండి తేకూడదని గుమాస్తా పరిగెత్తుకొచ్చేలోపే బోర్డులో అందరికంటే పెద్దావిడ, మిసెస్ హాల్వర్సన్, ఒక కప్పు, ఒక తీపి బన్ను తీసుకుని తన చోటికి పోయి కూర్చుంది. ఆవిడ మీటింగుల్లో ఏమీ మాట్లాడదు. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తుతుంది. ఆవిడ తింటుంటే మిగతా వాళ్ళని ఎలా ఆపుతాడు? గుమాస్తా కూడా ఒకటి తీసుకున్నాడు.

స్టాపు విషయం పిలిచారు. ఒబ్దులియా లేచి నిలబడింది. రాత్రంతా రాసుకున్న ఉపన్యాసం చేతిలో ఉంది, చట్టం, నిబంధన, ప్రమాదాల లెక్క. మైకు వైపు అడుగు వేసింది. వెనకనించి ఎవరో లంగా అంచు పట్టుకుని లాగారు.

"ఎక్కడికి?" అంది లిబ్రాదా.

"మాట్లాడ్డానికి. మక్లోవియా భయపడుతోంది, ముందు నేను కొంచెం—"

"నువ్వు దేనికి మద్రీనావి?"

"చెప్పులకి."

"మరి కూర్చో. మాటకి వేరే మనిషుంది. పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పు, చాలు. ఎక్కువ కలపకు."

ఒబ్దులియా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. చిన్నతనంలో క్లాసులో నోరుమూయించినప్పుడు పుట్టిన సిగ్గు లాంటిది పుట్టింది. ఎన్నేళ్ళుగా "వీళ్ళ తరఫున" అని మొదలుపెట్టింది! ఎవరు చెప్పారు తరఫున మాట్లాడమని?

మక్లోవియా మైకు దగ్గరికి పోయి దాన్ని పట్టుకుంది, షెడ్డులో పండు పట్టుకున్నట్టు, కమిలిపోకుండా. అధ్యక్షుడు గడియారం చూశాడు.

"నా వ్యాన్ చీకట్లో వస్తుంది," అంది మక్లోవియా. ఒబ్దులియా ఇంగ్లీషులో చెప్పింది. "ఎక్కకపోతే పని పోతుంది. నా కూతురు పొగమంచులో రోడ్డు దాటుతుంది. కనపడదు కదా, అందుకని వింటుంది. లారీ చప్పుడు వేరు, కారు చప్పుడు వేరు అని నేర్చుకుంది. మిగతా పిల్లలు దాని మాట మీద పరిగెత్తుతారు. మొన్న దానికి జలుబు చేసింది. చెవులు మూసుకుపోయాయి. ఆ రోజు నేను బడికి పంపలేదు. ఎవరి పిల్లలూ పోలేదు. మీ కాగితంలో ఆ రోజు అందరూ గైర్హాజరు అని ఉంటుంది. ఎందుకో ఉండదు. అంతే."



అధ్యక్షుడు కృతజ్ఞతలు చెప్పాడు. పరిశీలిస్తామన్నాడు. రవాణా అధికారి లేచి, స్టాపు అన్ని కొలతలకీ సరిపోయిందన్నాడు. మక్లోవియా మైకు వదల్లేదు. తర్వాత వదిలింది గానీ తన చోటికి పోలేదు. వెనక బల్ల మీదినించి బన్నుల పెట్టె తీసుకుని తిన్నగా బోర్డు ముందుకి నడిచింది. అక్కడికి పోకూడదని ఒక పలక మీద రాసుంది, ఇంగ్లీషులో. ఒబ్దులియా చదివింది. ఏమీ అనకుండా వెనకే పోయింది.

"అయ్యా, ఆ స్టాపుకి మీరు పద్రీనోగా ఉంటారా?" అంది మక్లోవియా. "సోమవారం పొద్దున్న బస్సు వేళకి వచ్చి మా పక్కన నిలబడాలి. ఇంకేం వద్దు."

ఒబ్దులియా మాటకి మాట చెప్పింది, ఏమీ కలపకుండా.

అధ్యక్షుడు నవ్వాడు. "ఎంత మంచి ఆహ్వానం! తప్పకుండా. వీలు చూసుకుని వస్తాను." పెట్టె వైపు అరచెయ్యి చూపించాడు. "ఇది మాత్రం వద్దు, చక్కెర పడదు." పెట్టె అలాగే బల్ల మీద ఉండిపోయింది. చివరి కుర్చీలోంచి మిసెస్ హాల్వర్సన్ దాన్ని తనవైపు లాక్కుని ఇంకోటి తీసుకుంది.

బయట పికప్‌లోకి కుర్చీలు ఎక్కిస్తుంటే ఒబ్దులియా ఉబ్బిపోతోంది. "వస్తానన్నాడు! అందరి ముందూ అన్నాడు!"

"రాడు," అంది లిబ్రాదా.

"ఎందుకు రాడు?"

"లాండ్రీ గదికి వస్తామని నీకు చెప్పినప్పుడు నా మొహం ఎలా ఉందో గుర్తుందా?"

ఒబ్దులియా గుర్తు తెచ్చుకుంది. చాలా ప్రేమగా ఉంది.

"ఆయన మొహం అచ్చం అలాగే ఉంది," అంది లిబ్రాదా. "బన్ను కూడా ముట్టలేదు."

సోమవారం పొగమంచు మళ్ళీ దిగింది. పేటంతా ఉత్తరాల పెట్టెల దగ్గరుంది. శనివారం వేడుకకి కుట్టించుకున్న కొత్త కోటుతో నికనోర్ కూడా వచ్చాడు. వ్యాన్ వచ్చింది, హారన్ కొట్టింది. మక్లోవియా కదల్లేదు. డ్రైవరు కిటికీ దించి, "మేస్త్రీ ఈసారి ఊరుకోడు మక్లోవియా," అన్నాడు.

"పొండి," అంది. అంటున్నప్పుడు చేతులు అప్రన్‌లో దాచుకుంది.

వ్యాన్ పోయింది. అధ్యక్షుడి కారు రాలేదు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. నికనోర్ మాత్రం, "చక్కెర జబ్బు ముదిరిందేమో," అన్నాడు.

"అక్కడ ఎవరో ఉన్నారు," అంది ఇట్సెల్.

హైవే అవతల, పళ్ళ దుకాణం ముందు కంకరలో రెండు దీపాలు. చిన్న కారు. స్టాపు అక్కడే అని కాగితంలో ఉంది కాబట్టి వచ్చినావిడ అక్కడే ఆపుకుంది. దీపాల వెలుగులో ఒక సన్నటి ఆకారం దిగి, చెయ్యి ఊపింది. మంచు కొంచెం విడినప్పుడు తెల్లజుట్టు కనపడింది.

"ఆ బన్నులావిడ," అంది లిబ్రాదా. "రెండు తింది."

మిసెస్ హాల్వర్సన్ రోడ్డు అంచుకి వచ్చింది. ఇవతలికి రావాలని అడుగు వేసింది. లారీ కూత పెట్టుకుంటూ పోయింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. తల అటూ ఇటూ తిప్పుతోంది, అటూ మంచే, ఇటూ మంచే. ఎంతసేపు నిలబడిందో. చేతిసంచిని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. ఇవతల తల్లులంతా చూస్తున్నారు. రోజూ తమ పిల్లల్ని ఎలా చూస్తారో అలాగే.

ఇట్సెల్ గట్టు చివరికి పోయింది. టోపీ పైకి తోసుకుంది. మెడ వంచింది.

"ఆగండి!" అని ఇంగ్లీషులో అరిచింది. "నేను చెప్పేదాకా రావద్దు!"

ముసలావిడ ఆగింది.

"ఇంకా లేదు! పెద్దదొస్తోంది!"

ఆపిల్ పెట్టెల లారీ పోయింది.

"ఇంకా లేదు... ఇప్పుడు! పరిగెత్తండి! ఆగకండి!"

ఆవిడ పరిగెత్తింది. ఆ వయసులో, పొడవాటి కోటులో, నోరు తెరుచుకుని. నడుమ ఒక కాలి చెప్పు ఊడింది. వంగబోయింది. "వద్దు! వదిలేయండి!" అని పిల్ల కేక. వదిలేసి వచ్చింది. మక్లోవియా ఎదురెళ్ళి రెండు చేతులతో పట్టుకుంది. వెనక ట్యాంకరు ఆ చెప్పు మీదినించి పోయింది.

మిసెస్ హాల్వర్సన్ ఒంటికాలి మేజోడుతో బురదలో నిలబడి, మక్లోవియా భుజం వదలకుండా పట్టుకుంది. రోడ్డుని చూసింది. ఇట్సెల్‌ని చూసింది. పిల్ల ముందరి పళ్ళు రెండు ఊడి ఉన్నాయి.

"ఏం కొమాద్రె, చూస్తూ నిలబడ్డావేం?" అంది లిబ్రాదా ఒబ్దులియాతో. "చెప్పుల మద్రీనావి కావూ?"

ఒబ్దులియా కారు వెనక తెరిచి తన రబ్బరు బూట్లు తెచ్చింది, తోటల్లో తిరిగేటప్పుడు వేసుకునేవి. బురదలో మోకాలు ఆనించి, ఆవిడ కాలు ఎత్తి ఒకటి తొడిగింది. రెండో కాలు కోసం చెయ్యి చాపుతుంటే అవతల కంకరలో పసుపు దీపాలు తిరిగాయి. బస్సు వచ్చింది.

పిల్లలు అలవాటుగా సంచులు భుజాలకి ఎగదోసుకుని గట్టు మీదికి పోయారు. ఇట్సెల్ మళ్ళీ మెడ వంచింది.

"వద్దు," అంది మిసెస్ హాల్వర్సన్. ఆ గొంతు బోర్డు హాల్లో ఎవరూ వినలేదు ఎప్పుడూ. పిల్ల టోపీ పట్టుకుని వెనక్కి లాగింది. ఇంకో చేత్తో సంచిలో వెతికి ఫోన్ తీసింది. రవాణా అధికారి ఎత్తినట్టున్నాడు.

"నేను ఆ రోడ్డు మళ్ళీ దాటలేను. నేను దాటలేని రోడ్డు ఈ పిల్లలు దాటరు. బస్సుని ఇటు పంపండి." అవతల ఏదో అన్నాడు. "మట్టి రోడ్డని తెలుసు. దాని మీదే నిలబడ్డాను, ఒంటి చెప్పుతో. అవును, ఇప్పుడే. రేపు కూడా. బోర్డు సంగతి నేను చూసుకుంటాను. నాతో మాట్లాడుతూ కూర్చోకండి, డ్రైవరుతో మాట్లాడండి."

ఒబ్దులియా బూటు చేతిలో పట్టుకుని ఆ మాటలన్నీ మనవాళ్ళకి చెప్పింది, కలపకుండా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నమ్మితే కదా.

అవతల బస్సు చాలాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది. హైవే వెంట పోయింది. మంచులో మాయమైంది. పోయిందనే అనుకున్నారు. నికనోర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. దూరంగా ఎక్కడో తిరగడానికి చోటు చూసుకుని, ఇవతలి వరసలో దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ వచ్చి, ఉత్తరాల పెట్టెల దగ్గర మెల్లిగా మట్టి రోడ్డు మీదికి తిరిగింది. గుంటలో దిగి లేచింది. తలుపు తెరుచుకుంది.

"వెళ్ళమ్మా," అంది మక్లోవియా. ఒబ్దులియా వైపు తిరిగింది. "టీ..." అని ఆగి, "కొమాద్రె," అంది.

పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు. ఇట్సెల్ అందరికంటే వెనక. మెట్టు ఆమె కాలికి జానెడు దూరంలో ఉంది. మధ్యలో రోడ్డు లేదు, లారీ లేదు, ఏమీ లేదు. అయినా ఆ పిల్ల ఆగింది. టోపీ పైకి తోసుకుంది. మెడ ఒక పక్కకి వంచి విన్నది, తర్వాత రెండో పక్కకి.

అప్పుడు ఎక్కింది.